కిటికీల మధ్య నడక



విశ్వవిద్యాలయం అనగానే చాలామందికి రాతి మేడలు గుర్తొస్తాయి. చెట్ల కింద కబుర్లు, స్నాతకోత్సవం నాటి గౌన్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఇనుప చువ్వల కిటికీ గుర్తొస్తుంది. ఎందుకంటే నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, పరీక్షల విభాగంలో, అలాంటి కిటికీకి లోపలివైపు గడిచింది. బయట నిలబడేది పిల్లలు, లోపల కూర్చునేది మేము.

ఒక జూన్ నెలలో జరిగింది చెబుతాను. పదకొండు గంటలకు ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. పైచదువుకు బయటి దేశంలో సీటొచ్చింది, ట్రాన్స్‌క్రిప్ట్స్ కావాలి. నేను హాల్‌టికెట్ నంబరు కొట్టి చూశాను. తెరమీద 'విత్‌హెల్డ్' అని వచ్చింది. ఫలితం ఆపి ఉంచారు. కారణం, ఫీజు బాకీ. ఆ అమ్మాయి కంగారుగా చలానా జిరాక్స్ తీసింది. "కట్టేశాను సార్, చూడండి." కట్టిందని నాకూ అర్థమైంది. కానీ నా కంప్యూటర్‌కి అర్థం కాలేదు. "ఫీజుల సెక్షన్‌కి వెళ్లి నో డ్యూస్ తెచ్చుకో అమ్మా" అన్నాను. బాకీ లేదని ఇచ్చే కాగితం అది.

ఫీజుల సెక్షన్ పక్క భవనంలో ఉంది. అక్కడి కంప్యూటర్‌లో ఆ పిల్ల కట్టిన డబ్బు భేషుగ్గా కనిపిస్తోంది. కాగితం ఇచ్చారు. కానీ సంతకం పెట్టాల్సిన సూపరింటెండెంట్ గారు భోజనానికి వెళ్లారు. తర్వాత అక్కడా బాకీ లేదని లైబ్రరీ నుంచి ఒక కాగితం, హాస్టల్ నుంచి ఒక కాగితం. నాలుగున్నరకి నా కిటికీ దగ్గరికి తిరిగొచ్చి అన్నీ వరసగా పరిచింది. వాళ్ల కంప్యూటర్ అచ్చువేసిన కాగితం చూసి, అదే సంగతిని నేను మా కంప్యూటర్‌లో టైపు చేశాను. అప్పుడు ఆ పిల్ల విసుక్కోకుండా, కోపం లేకుండా ఒక మాట అడిగింది. "సార్, ఇవన్నీ మీ యూనివర్సిటీ దగ్గర ఉన్నవే కదా?"

నా దగ్గర జవాబు లేదు. రెండు కంప్యూటర్లకీ మధ్య వంద గజాల దూరం. ఆ దూరంలో సమాచారాన్ని మోసిన తీగ ఏదంటే, ఎండలో చెప్పులరిగేలా తిరిగిన ఆ అమ్మాయే.

సమగ్ర సమాచార వ్యవస్థ అని ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే. విద్యార్థి మోస్తున్న ఆ బరువును తీగ మీదికి మార్చడం.

కంప్యూటర్లు కొనడం వేరు, వాటిని కలపడం వేరు. ఈ తేడా తెలియాలంటే రైలు టికెట్టు సంగతి చూడండి. రైల్వే వాళ్లు రిజర్వేషన్‌కి కంప్యూటర్ తెచ్చింది 1980ల మధ్యలో, ఢిల్లీలో. తర్వాత ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్. ఐదు చోట్లా కంప్యూటర్లు వచ్చాయి కానీ ఎవరి లెక్క వారిదే. సికింద్రాబాద్ యంత్రానికి తన దగ్గరున్న సీట్లే తెలుసు. ఢిల్లీ నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అది చేతులెత్తేసేది. కంప్యూటర్లయితే ఉన్నాయి, కలవలేదంతే. తర్వాత ఆ ఐదింటినీ కుట్టే సాఫ్ట్‌వేర్ తయారైంది. కాన్సర్ట్ అని దాని పేరు. 1990ల మధ్యలో అది మొదట పనిచేసింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 కల్లా ఐదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. ఇప్పుడు తుని స్టేషన్‌లో కూర్చుని జమ్ముతావి నుంచి బయల్దేరే బండికి టికెట్టు తీసుకుంటున్నాం. అది వింత అని కూడా ఎవరికీ అనిపించదు.

బ్యాంకులూ అంతే. ఒకప్పుడు మనం ఫలానా శాఖకు ఖాతాదారులం. ఇప్పుడు బ్యాంకుకు ఖాతాదారులం. విశ్వవిద్యాలయాల్లో మాత్రం విద్యార్థి చాలాచోట్ల ఇంకా సెక్షన్‌కి ఖాతాదారుగానే మిగిలిపోయాడు.

ఎందుకిలా అయింది? మన ఇళ్లలో పిల్లకు నాయనమ్మ పెట్టిన పేరొకటి, అమ్మమ్మ పిలిచే పేరొకటి, బళ్లో పేరొకటి ఉంటాయి. ఇంట్లో అది ముద్దు. ఆఫీసులో అదే చిక్కు. కాలేజీలో చేరినప్పుడు అడ్మిషన్ నంబరు. పరీక్షలకు హాల్‌టికెట్ నంబరు. ఉపకారవేతనానికి దరఖాస్తు నంబరు. లైబ్రరీ కార్డు నంబరు, హాస్టల్ నంబరు. ఒక్క మనిషికి ఇన్ని నంబర్లుంటే, వీళ్లంతా ఒకరేనని చెప్పేవాడెవడు? మళ్లీ ఆ మనిషే. అందుకని ఫోల్డరు పట్టుకుని తిరుగుతాడు.

కాబట్టి మొదటి సూత్రం, ఒక విద్యార్థికి ఒక గుర్తు. చేరిన రోజు నుంచి పట్టా చేతికొచ్చే రోజు దాకా, ఆ తర్వాత కూడా, అదే గుర్తు. రెండో సూత్రం, ఒక సంగతి ఒక్కసారే, ఒక్కచోటే రాయాలి. పేరు, పుట్టిన తేదీ ప్రవేశాల విభాగం రాస్తుంది. రుసుముల సంగతి ఫైనాన్స్ వాళ్లది. మార్కులు పరీక్షల విభాగానివి. మిగతావాళ్లంతా చూసుకోవచ్చు, చెయ్యి పెట్టకూడదు. మూడోది, రాసినవాడు జవాబు చెప్పాలి.

ఈ మూడోది కొత్తదేమీ కాదు. మా రోజుల్లో మార్కులు ఎక్కించే టాబ్యులేషన్ రిజిస్టర్లు ఉండేవి, ఒక్కొక్కటి చేటంత. అందులో ఒక అంకె దిద్దాలంటే పాతదాన్ని చదవడానికి వీలుగా ఎర్రసిరాతో ఒక్క గీత కొట్టి, కొత్త అంకె వేసి, పక్కన పొట్టి సంతకం, తేదీ పెట్టాలి. పాత అంకె కనిపించకుండా గీకేస్తే సంజాయిషీ తప్పదు. కంప్యూటర్‌లో ఆ ఎర్రసిరా ఉండాలి. ఎవరు, ఎప్పుడు, దేన్ని ఏమని మార్చారో దానంతటదే రాసుకోవాలి, దాన్ని ఎవరూ చెరపలేకుండా ఉండాలి. ఆ ఏర్పాటు లేని వ్యవస్థ ఎంత వేగంగా పనిచేసినా, పాత రిజిస్టరు కన్నా తక్కువదే.

ఇలా కలిపితే ఏమవుతుందో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణలో డిగ్రీ చేరాలంటే ఒకప్పుడు ఏ కాలేజీకి ఆ కాలేజీలో దరఖాస్తు కొనుక్కోవాలి, తిరగాలి. 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి వచ్చింది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, పాలమూరు, మహాత్మాగాంధీ, శాతవాహన, ఈ ఆరు విశ్వవిద్యాలయాల పరిధిలోని కాలేజీలకు ఒకటే దరఖాస్తు. ఆదిలాబాద్ పిల్ల తన ఊళ్లో కూర్చుని హైదరాబాద్ కాలేజీని ఎంచుకోగలిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ పద్ధతిలోకి వచ్చాయి. వాకిలి ఒకటయింది. ఇంట్లోకి వెళ్లాక గదుల మధ్య తలుపులు తెరుచుకున్నాయా అన్నది అసలు ప్రశ్న. ప్రవేశం నాడు నమోదైన పేరే పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్స్‌లోకి, అక్కణ్నుంచి హాల్‌టికెట్ మీదికి, అక్కణ్నుంచి మార్కుల మెమో మీదికి ఎవరూ మళ్లీ టైపు చేయకుండా నడిచి వెళ్లాలి. మళ్లీ టైపు చేసిన ప్రతిచోటా ఒక తప్పు దూరడానికి సందు ఉంటుంది.

పేర్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొంచెం చెబుతాను. మన పేర్లు కంప్యూటర్‌కి పెద్ద పరీక్ష. మనకు ఇంటిపేరు ముందు. పదో తరగతి మెమోలో దాన్ని ఒక్కోసారి ఒక్క అక్షరానికి కుదిస్తారు. ఆధార్‌లో పూర్తిగా రాస్తారు, అదీ ఒక్కోసారి చివర్న. పాస్‌పోర్టుకి వచ్చేసరికి ఇంటిపేరుకి వేరే గడి. ఇక లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒకరు కె, ఎస్, హెచ్ వేసి రాస్తారు, ఇంకొకరు ఎక్స్ వేసి రాస్తారు. మనకు లక్ష్మి ఎలా రాసినా లక్ష్మే. యంత్రానికి ఆ ఇద్దరూ వేరు. ఈ ఒక్క ఎక్స్ దగ్గర ఎన్ని దరఖాస్తులు ఆగిపోయాయో నేను చూశాను. ఢిల్లీలోనో బెంగళూరులోనో తయారైన సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టుకునేటప్పుడు, మన పేర్లు అందులో ఇముడుతాయా అని మొదటిరోజే చూసుకోవాలి. చాలామంది చివరిరోజు చూస్తారు.

ఇంకో ముచ్చట. ఒకసారి పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ విశ్వవిద్యాలయంలో ఎంతమంది చదువుతున్నారు అని. ఇంతకన్నా తేలికైన ప్రశ్న ఉంటుందా? మూడు సెక్షన్లను అడిగితే మూడు అంకెలు వచ్చాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రవేశాల వాళ్లు చేరినవాళ్లను లెక్కపెట్టారు. ఫైనాన్స్ వాళ్లు ఫీజు కట్టినవాళ్లను లెక్కపెట్టారు. మేము పరీక్ష ఫీజు కట్టినవాళ్లను లెక్కపెట్టాం. మధ్యలో మానేసినవాడు, బ్యాక్‌లాగ్స్ రాస్తున్నవాడు, పీహెచ్‌డీ పొడిగింపు అడిగినవాడు, వీళ్లంతా విద్యార్థులా కాదా? ముందు అది తేలాలి. అది తేల్చాల్సింది ఏ ఇంజనీరూ కాదు, రిజిస్ట్రారు గారు అన్ని విభాగాలనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి తేల్చాలి.

ఎందుకింత పట్టింపు అంటారా? ఆ అంకె మీద చాలా ఆధారపడి ఉంటాయి. కేంద్ర విద్యాశాఖ 2010-11 నుంచి ఏటా దేశవ్యాప్త ఉన్నత విద్య సర్వే చేస్తోంది. 2021-22 సర్వే ప్రకారం దేశంలో 1,168 విశ్వవిద్యాలయాలు, 45,473 కాలేజీలు, దాదాపు 4 కోట్ల 33 లక్షల మంది విద్యార్థులు. ఇంత పెద్ద లెక్క కింద ఉన్నది మా లాంటి సెక్షన్లు రాసిచ్చిన చిన్న లెక్కలే. గ్రేడు ఇచ్చే న్యాక్‌కి ఒక నమూనా, ర్యాంకింగ్‌కి ఒక నమూనా, ఈ సర్వేకి ఒక నమూనా, యూజీసీకి ఒకటి. ఉన్న సమాచారం అదే, అడిగే తీరు వేరు. పాఠం చెప్పాల్సిన అధ్యాపకుడు అర్ధరాత్రి దాకా ఎక్సెల్ గడులు నింపుతూ కూర్చుంటాడు. మూలలెక్క ఒకచోట సరిగా ఉంటే, ఈ నమూనాలన్నీ దానిలోంచే వస్తాయి. అధ్యాపకుడికి ఆ రాత్రి నిద్రైనా మిగులుతుంది.

ఇప్పటిదాకా మేలు చెప్పాను. కీడు కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం అమ్మకందారు మాటలాగా ఉంటుంది.

2017లో ముంబయి విశ్వవిద్యాలయం జవాబు పత్రాలను స్కాన్ చేసి, తెరమీద దిద్దించే పద్ధతికి ఒక్కసారిగా మారింది. పద్ధతి చెడ్డది కాదు. కానీ పరీక్షలు నెత్తిమీదికి వచ్చాక మొదలుపెట్టారు. దాదాపు 17 లక్షల జవాబు పత్రాలు. వాటిని స్కాన్ చేయడంలో జాప్యం, దిద్దేవాళ్లకు అలవాటు లేకపోవడం, కొన్ని పత్రాలు దొరక్కపోవడం. ఛాన్సలర్ హోదాలో అప్పటి మహారాష్ట్ర గవర్నరు, మన కరీంనగర్ ప్రాంతం నుంచి వెళ్లిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు గారు, జులై 31 గడువు పెట్టారు. గడువు దాటినా ఫలితాలు పూర్తి కాలేదు. పైచదువులకు వెళ్లాల్సిన పిల్లలు చేతిలో మెమో లేక అల్లాడారు. అక్టోబరులో వైస్ ఛాన్సలర్‌ను పదవి నుంచి తొలగించారు. ఇందులో తప్పు యంత్రానిదని అనలేం. వరి నాట్ల నాడు కొత్త ఎద్దును కాడికి కట్టకూడదని రైతుకు తెలుసు. ముందు ఏడాది చిన్న చెక్కలో దున్నించి చూస్తాడు.

ఇంకో ఉదాహరణ విశ్వవిద్యాలయానిది కాదు, ఇంటర్ బోర్డుది. కానీ పాఠం ఒకటే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. పత్రం తీసి చూస్తే 99. దిద్దినవారు ఓఎంఆర్ షీటులో 99కి బదులు రెండు సున్నాల గడులు నింపారు. మనిషి చేసిన పొరపాటు. మనుషులన్నాక చేస్తారు. కానీ మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసిన పిల్లకు ఒక్క తెలుగులోనే గుండుసున్నా ఏమిటి అని ఎవరో ఒకరు ఆగి చూడాలి కదా? మా పాత సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. మార్కుల వరస మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ, ఎక్కడో టక్కున ఆపేవారు. "ఇదేదో తేడాగా ఉందిరా, పేపరు తియ్యి" అనేవారు. కలిపిన వ్యవస్థ గొప్పతనం ఏమిటంటే, ఆ పెద్దాయన వేలిని లక్షల వరసల మీదికి ఒకేసారి పంపొచ్చు. మిగతా మార్కులతో పొంతనలేని అంకె కనబడగానే ఫలితం ఇచ్చేముందు ఆపి, పత్రం తీయించొచ్చు. అయితే ఆ వేలు ఎక్కడ ఆగాలో ముందుగా మనమే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే యంత్రం సున్నాను కూడా అంతే నమ్మకంగా అచ్చువేస్తుంది.

దేశంలో ఈ దిశగా మంచి పనులు కొన్ని జరిగాయి. పట్టాలను, మెమోలను భద్రపరిచే జాతీయ డిపాజిటరీ వచ్చింది. మొదట్లో దాన్ని షేర్లు దాచే సంస్థల అనుబంధ కంపెనీలకే అప్పగించారు, ఇప్పుడు ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల పెట్టె అయిన డిజిలాకర్‌లో నడుస్తోంది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. పేరుకు తగ్గట్టే అది బ్యాంకు. విద్యార్థి ఒకచోట సంపాదించిన క్రెడిట్లు అతని ఖాతాలో జమవుతాయి. మధ్యలో చదువు ఆగినా, గరిష్ఠంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి, మరో విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లొచ్చు. పెళ్లయి చదువు ఆపేసిన ఆడపిల్లకు ఇది ఎంత ఆసరానో ఆలోచించండి. పరిశోధన గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. ఒకప్పుడు బీరువాలో చెదలు తిన్న థీసిస్‌లు ఇప్పుడు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా ఎవరైనా చదువుకోవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న సమర్థ్ అనే వ్యవస్థ ఉంది. ప్రవేశాలు, ఫీజులు, పరీక్షలు, ఉద్యోగుల సెలవులు, జీతాలు అన్నీ ఒకే గొడుగు కింద. కేంద్ర విద్యాశాఖ పథకం కింద తయారైంది, చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి.

ఇవన్నీ ట్యాంకులు, పైపులు అనుకోండి. ఊళ్లో బావి నీళ్లు ముందు బాగుండాలి. విశ్వవిద్యాలయం లోపల పేరు తప్పుగా ఉంటే, డిజిలాకర్‌లోకి ఆ తప్పే భద్రంగా చేరుతుంది.

ఇక ఈ పని తలపెట్టేవారికి అనుభవం మీద నాలుగు మాటలు.

బయటి సంస్థకు పని అప్పగిస్తే, సమాచారం ఎవరిదన్నది ఒప్పందంలో మొదటి వాక్యంగా రాయించుకోండి. కాంట్రాక్టు ముగిసిన రోజున మన లెక్కలన్నీ, మరే సంస్థయినా చదవగలిగే రూపంలో మన చేతికి రావాలి. ఇల్లు మనదే అయినా తాళంచెవి మేస్త్రీ దగ్గర ఉండిపోకూడదు.

పిల్లల కులం, ఆదాయం, వైకల్యం, ఫోను నంబరు, ఇవన్నీ ఒకచోటికి చేరుతున్నాయంటే, ఒక్క కన్నంలోంచి అన్నీ పోగలవని కూడా అర్థం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే వారికి కనిపించాలి. లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆయనకు విద్యార్థి పుస్తకం బాకీ తెలిస్తే చాలు, తండ్రి ఆదాయం తెలియాల్సిన పనిలేదు.

తప్పు దిద్దించుకోవడానికి ఒక మనిషి ఉండాలి. "సిస్టమ్‌లో అలాగే ఉంది, మేమేం చేయలేం" అనే మాటను కార్యాలయాల్లో నిషేధించాలని నా కోరిక. సిస్టమ్‌లో రాసింది ఒక మనిషి. దిద్దగలిగేదీ ఒక మనిషే. ఆ మనిషి ఎవరో, ఎన్ని రోజుల్లో దిద్దుతారో గోడమీద రాసి ఉండాలి. నెట్ సెంటర్‌కి వెళ్లి డబ్బిచ్చి దరఖాస్తు పెట్టించుకునే పల్లెటూరి పిల్లకు కూడా ఆ మనిషి అందుబాటులో ఉండాలి.

చివరిది, సెక్షన్‌లో కూర్చునేవారి భయం. ఈ మాట లోపలివాడిగా చెబుతున్నాను. మా సెక్షన్‌లో ఫలానా రిజిస్టరు ఎక్కడుందో ఒక్క గుమాస్తాకే తెలిసేది. ఆయన సెలవు పెడితే పని ఆగేది. అది ఇబ్బందని అందరూ అనేవారు కానీ, ఆయనకు అది గౌరవం. నలభై ఏళ్ల సర్వీసులో ఆయన కూడబెట్టుకున్న ఆస్తి అదొక్కటే. కొత్త వ్యవస్థ వస్తే ఆ ఆస్తి పోతుంది. ఆయన్ను పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ రాయిస్తే, ఆయన దాన్ని నడవనివ్వడు. అది ఆయన తప్పని కూడా అనను. రాయించేముందు ఆయన పక్కన స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చోండి. ఏ కేసులో ఏ చిక్కు వస్తుందో, ఏ బ్యాచ్‌కి ఏ రెగ్యులేషనో, ఏ కాలేజీ ఎప్పుడు పేరు మార్చుకుందో ఆయనకు నోటికొచ్చు. 2008కి ముందు శ్రీకాకుళంలో చదివినవాడి పట్టా ఆంధ్ర విశ్వవిద్యాలయానిది, తర్వాత చేరినవాడిది అంబేద్కర్ విశ్వవిద్యాలయానిది. ఇలాంటి మలుపులు ఏ ప్రోగ్రామరుకీ పుట్టుకతో తెలియవు. ఆయన బుర్రలో ఉన్నది వ్యవస్థలోకి వస్తే, ఆయన రిటైరైనా విశ్వవిద్యాలయానికి జ్ఞాపకం మిగులుతుంది.

ఆ జూన్ సాయంత్రం ఐదు దాటాక ఆ అమ్మాయికి సీలువేసిన కవరు ఇచ్చాను. థ్యాంక్స్ సార్ అని వెళ్లిపోయింది. తన ప్రశ్న మాత్రం నా బల్లమీద వదిలేసి పోయింది. ఇవన్నీ మీ దగ్గర ఉన్నవే కదా?

ఉన్నవేనమ్మా. నువ్వు కట్టిన ఫీజు, తిరిగిచ్చిన పుస్తకం, రాసిన పరీక్ష, అన్నీ మా దగ్గర ఉన్నవే. వాటిని మేమే నడిపించాల్సింది. నిన్ను నడిపించాం.